చెయ్యి జారిన గుండె

ఈమధ్య మా వీధిలో ఒక అమ్మాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. మిఠాయి పట్టుకొచ్చి, "ఆంటీ, మీరు కూడా కంప్యూటర్లలో చేశారట కదా, అప్పట్లో అవి ఎలా ఉండేవి?" అని అడిగింది.

"చల్లగా ఉండేవి" అన్నాను.

నవ్వింది. నేను హాస్యానికి అనలేదు. జంషెడ్‌పూర్‌లో మే నెల ఎండకి రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకునే రోజుల్లో నేను స్వెట్టర్ చంకన పెట్టుకుని ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. ఆ స్వెట్టర్ మూలంగానే ఒక గుండె పాడైంది. ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పాను, మీకూ చెబుతాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు వింటే మంచిది. తప్పులు ఎలాగూ చేస్తారు. చేశాక ఎలా ఉంటుందో ముందే కాస్త తెలుస్తుంది.

ఎనభైల మొదట్లో మాట. మా నాన్న శ్రీకాకుళం దగ్గర్నుంచి వెళ్ళి అక్కడ క్రేన్ డ్రైవరుగా స్థిరపడ్డాడు. సీతారాండేరా అనే పేటలో ఉండేవాళ్ళం. నేను టైపు నేర్చుకుని ఒక కార్ఖానా కంప్యూటర్ విభాగంలో పంచ్ ఆపరేటరుగా చేరాను. అప్పటి కంప్యూటర్‌కి ఏ ముక్క చెప్పాలన్నా ముందు దాన్ని అట్ట కార్డుల మీద చిల్లులుగా పొడవాలి. కార్డు పోస్టుకార్డు కన్నా కాస్త పొడుగు. ఒక వరసకి ఒక కార్డు. కార్డుల కట్టని యంత్రానికి తినిపిస్తే అది చిల్లులు చదువుకుని, లెక్క చేసి, బీరువా అంత ప్రింటర్ మీద గడగడా అచ్చు కొట్టేది. చిల్లులు పొడవటం నా పని. బోల్టులు, బేరింగులు, బెల్టులు స్టోర్‌లో ఏ అరలో ఉన్నాయో పొద్దస్తమానం పొడుస్తూ ఉండేదాన్ని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మూడు నెలల్లో తేలాలి.

మా చీఫ్ బీహార్ ఆయన. పొట్టిగా, సన్నగా, చొక్కా జేబులో మూడు పెన్నులతో ఉండేవారు. మనిషి చిన్నవాడే గాని గొంతు మాత్రం రోలింగ్ మిల్లు పక్కన పెరిగిన గొంతు. ఆయన కేక విన్నాక కార్ఖానా సైరన్ జోలపాటలా ఉండేది.

ప్రోగ్రాములు రాసేది పర్లాకిమిడి వైపు తెలుగాయన. నాకన్నా పదేళ్ళు పెద్ద, అన్నియ్యా అని పిలిచేదాన్ని. తన ప్రోగ్రాములో తప్పుందంటే చచ్చినా ఒప్పుకోడు. "నా ప్రోగ్రాం సుబ్బరంగా ఉంది. లోకంలోనే ఏదో తేడా ఉంది" అనేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, యంత్రం ఖాళీగా ఉన్న వేళ, ఆస్పత్రిలో గుండె జబ్బుల వార్డు చూసే బెంగాలీ డాక్టరుగారు పై వాళ్ళ అనుమతి కాగితం పట్టుకుని మా గదిలోకి వచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి. బయటి ఎండలోంచి ఆ చలిలోకి అడుగు పెట్టగానే ఏడు తుమ్ములు తుమ్మారు. ఆయనకి తెలుగు మూడు ముక్కలే వచ్చు. మన రోగుల కోసం నర్సుల దగ్గర నేర్చుకున్నవి. "ఎక్కడ నొప్పి?", "నాలుక చూపించు", "ఊపిరి పీల్చు". మేము తెలుగువాళ్ళమని తెలియగానే మర్యాదగా చేతులు జోడించి, నావైపు తిరిగి, "నాలుక చూపించు" అన్నారు.

నేను చూపించాను. డాక్టరు అడిగితే చూపించకుండా ఎలా ఉంటాం?

మిగతాదంతా హిందీలో చెప్పారు. కొలిమి దగ్గర పని చేసే ఒకాయనకి చిన్న గుండెపోటు వచ్చిందట. కోలుకున్నాడు. పొద్దున్నే పూరీలు కావాలని పేచీ పెడితే అరటిపండు ఇచ్చారు. అది సగం తిని, నర్సుని ఏదో అని నవ్వించి, అలాగే పక్కకి వాలిపోయాడు. గుండె లయ తప్పి గిలగిల్లాడి ఆగిపోయింది.

"తరవాత కోసి చూస్తే గుండె మీద మచ్చ చిన్నదే" అన్నారు డాక్టరుగారు. "ఇంతకన్నా పెద్ద మచ్చలున్నవాళ్ళు సైకిలు తొక్కుకుంటూ డ్యూటీకి వెళుతున్నారు. ఇతనే ఎందుకు పోయాడు? నాకది తెలియాలి."

ఆ మాట అన్నప్పుడు ఆయన తుమ్మలేదు. అన్నియ్య కూడా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

ఆయన ఆలోచన ఇది. గుండె కండలో కణాలు ఒకదాని పక్కన ఒకటి కూర్చుని ఉంటాయి. పక్కదానికి కరెంటు తగిలితే ఇదీ ఉలిక్కిపడుతుంది. దీన్ని చూసి దీని పక్కది. ఉలిక్కిపడ్డ కణం కాసేపు అలసట తీర్చుకోవాలి. ఆ కాసేపట్లో ఎవరు తట్టినా పలకదు. అందుకే అల ముందుకే సాగుతుంది గాని వెనక్కి మళ్ళదు. ఎక్కడైనా మళ్ళి గిర్రున తిరిగితే గుండె గిలగిల్లాడుతుంది. ఇదంతా కంప్యూటర్‌లో నడిపి చూడాలి. ఒక గళ్ళ కాగితం మీద నలభై వరసలు గీసుకొచ్చారు, వరసకి నలభై గళ్ళు. ఒక్కో గడి ఒక్కో కణం. గడిలో ఉన్న అంకె, ఆ కణం ఎంతసేపు అలసట తీర్చుకోవాలో చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్నదానికి రెండు, దెబ్బతిన్నదానికి అయిదు. అయిదులన్నీ ఒక మూల మచ్చలా దగ్గరదగ్గరగా ఉన్నాయి.

అన్నియ్య ప్రోగ్రాము రాశాడు. నేను కార్డులు పొడిచాను. ప్రింటర్ మీద నెమ్మదిగా కూర్చున్న కణానికి చుక్క, ఉలిక్కిపడ్డదానికి నక్షత్రం, అలిసినదానికి సున్నా. మొదటి ఆదివారం అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. కాగితం మధ్యలో ఒక్క నక్షత్రం మెరిసింది. తరవాతి బొమ్మలో సున్నా. ఆ తరవాత అన్నీ చుక్కలే. పేజీలకి పేజీలు చుక్కలు.

"గుండె ఆగిపోయింది సార్!" అని అన్నియ్య హిందీలో గట్టిగా అరిచాడు.

సరిగ్గా అప్పుడే మా చీఫ్ వరండాలో వెళుతున్నారు. పరాయివాళ్ళు తన యంత్రాన్ని ఏం చేస్తారోనని ఆదివారాలు కూడా వచ్చి కాపలా కాసేవారు. ఆ మాట చెవిన పడగానే ఆయన లోపలికి రాలేదు, గేటు వైపు కేక వేశారు. గేటు ఎంత దూరమో తెలిస్తే ఆ కేక విలువ మీకు తెలుస్తుంది. అయిదు నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ పట్టుకుని ఇద్దరు లోపలికి ఉరికారు. అక్కడ తమ డాక్టరుగారే నిలబడి ఉండటం చూసి, "రోగి ఎక్కడ సార్?" అని అడిగారు. డాక్టరుగారు మొహమాటంగా కాగితం చూపించారు. స్ట్రెచర్ మోసేవాళ్ళలో పెద్దాయన ఆ చుక్కల్ని కిందా మీదా చూసి, "మేము రావటమే ఆలస్యమైంది" అన్నాడు.

ఆ రోజునుంచీ మా గదిలో గుండె ఆగిందని ఎవరూ అనకూడదని చీఫ్ హుకుం. "జాబ్ ఖతమ్" అనాలి, పని అయిపోయిందని.

తప్పు ప్రోగ్రాములోదే. అన్నియ్య ఒకచోట పక్కవాళ్ళని చూడాల్సిన కణం తనని తానే చూసుకునేలా రాశాడు. "కణం గర్వంగా ఉంది, నేనేటి సెయ్యను" అన్నాడు. సరిదిద్దాడు. ఆ తరవాత ఆదివారం నీళ్ళలో రాయి వేసినట్టు నక్షత్రాల వలయం అంచులదాకా పరుచుకుంది. డాక్టరుగారు పట్టలేని సంతోషంతో నన్ను చూసి, "ఎక్కడ నొప్పి!" అన్నారు.

సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. మామూలు కరెంటు దెబ్బ ఒకటి, వెంటనే తొందరపడి పుట్టిన దెబ్బ ఇంకొకటి ఇచ్చి చూడటం ఆయన పద్ధతి. అల మచ్చ దగ్గరికి వచ్చేది, పక్కనుంచి చుట్టి పోయేది, అంచుకి చేరి చల్లారేది. మచ్చని పెంచారు. ఏమీ కాలేదు. అటు మార్చారు, ఇటు మార్చారు. మా గుండె రాయిలా ఉంది. ఆరు ఆదివారాలు గడిచాయి. కాగితం పెట్టెలు ఖాళీ అవుతున్నాయని చీఫ్ సణుగుతున్నారు. ఈ నెలాఖరుతో సరి అన్నారు.

ఇక నా స్వెట్టర్ సంగతి. అది మా అమ్మ అల్లింది. నాకు ఇరవై మూడేళ్ళు నిండాక కూడా "ఇంకా ఎదుగుతావులే" అని చేతులు జానెడు పొడుగ్గా అల్లింది. ఏడో ఆదివారం నేను కార్డుల ట్రే పట్టుకుని యంత్రం గదిలోకి వెళుతుంటే ఆ చెయ్యి తలుపు పిడికి తగులుకుంది. నేను ముందుకి వెళ్ళాను, చెయ్యి వెనకే ఉండిపోయింది. గుండె పటం ఉన్న నలభై కార్డులూ నేల మీద పరుచుకున్నాయి.

ప్రోగ్రాము కార్డులకైతే మూలన వరస సంఖ్య ఉంటుంది. పటం కార్డుల మీద ఆ సంఖ్య వెయ్యాల్సింది నేనే. ఎవరు పడేస్తారులే అని వెయ్యలేదు.

అన్నియ్య, నేను మోకాళ్ళ మీద కూర్చుని ఏరాం. డాక్టరుగారు ఇంకా రాలేదు.

"అన్నియ్యా, ఏది ముందో ఏది ఎనకో తెల్డం లేదు" అన్నాను.

"ఏటయిపోద్ది? అన్నీ రెండులూ అయిదులే కదా. ఏదో ఒకలాగ పెట్టేయ్. ఆరు వారాలై ఏటీ అవనిది ఇయాల అయిపోద్దా?"

పెట్టేశాను.

ఆ రోజు ప్రింటర్ ఆగలేదు. మొదటి అల వెళ్ళింది. రెండోది మధ్యలో చిరిగింది. చిరిగిన కొస నత్తగుల్లలా చుట్టుకుని వెనక్కి మళ్ళి, తన తోకని తానే తరుముతూ తిరగటం మొదలెట్టింది. అది ఇంకో రెండుగా చీలింది. పెట్టెడు కాగితం అయిపోయింది. రెండో పెట్టె తెరిచాం. డాక్టరుగారు కాగితం వెంట గదంతా పరిగెడుతూ, "తిరుగుతోంది! తిరుగుతోంది!" అని హిందీలోనూ, "ఊపిరి పీల్చు!" అని తెలుగులోనూ అరిచారు. మర్నాడు సాక్చి బజారునుంచి రసగుల్లాల కుండ వచ్చింది. ఆ కాగితాన్ని ఆయన ఆస్పత్రి వరండా పొడుగునా గోడకి అంటించారు. రోగుల చుట్టాలు దాని ముందు నిలబడి, మా వాడి గుండె ఇందులో ఎక్కడ అని వెతుక్కునేవారట.

కలకత్తాలో ఉన్న తన గురువుగారికి ఫోను చేసి చెప్పేశారు. ఆవిడ శనివారం వచ్చి స్వయంగా చూస్తానన్నారు. ఆవిడ మెచ్చుకుంటే ఆదివారాలు ఇంకో ఏడాది పొడిగిస్తామని పై వాళ్ళూ అన్నారు.

సోమవారం నేను ఆ కట్ట తీసి గళ్ళ కాగితంతో పోల్చి చూశాను. నలభైలో మూడు వరసలే ఉండాల్సిన చోట ఉన్నాయి. మూల ఉండాల్సిన మచ్చ చారలు చారలుగా గుండె అంతా చెదిరిపోయింది. అంటే తిరిగింది గుండె కాదు, నా స్వెట్టర్ చెయ్యి.

అన్నియ్యకి చూపించాను. మొహం పాలిపోయింది.

"ఎవుడికీ సెప్పకు" అన్నాడు.

"ఆ పెద్దావిడ వచ్చి చూసి మెచ్చుకుంటే?"

"మెచ్చుకోనీ. మనకేటి?"

"తప్పని తేలితే డాక్టరుగారి పరువు పోద్ది కదా."

"మనం సెప్తే నీ ఉద్యోగం పోద్ది. ఏది ముందు పోవాలో నువ్వే ఆలోచించుకో. హఉ?" ఒడియాలో సరేనా అని.

ఆ వారమంతా బోల్టులకి బదులు బేరింగులు, బేరింగులకి బదులు బెల్టులు పొడిచాను. శుక్రవారం సాయంత్రం నాన్న డ్యూటీ దిగి టీ తాగుతుంటే చెప్పాను. అమ్మ వింటూ, "ఓలమ్మ, నా సొట్టరేటి సేసింది మద్దిన!" అని దెబ్బలాటకి వచ్చింది. చెల్లెలు పుస్తకంలోంచి తలెత్తకుండా, "దీదీ, చుప్ రహో నా. కిస్‌కో పతా చలేగా" అంది. ఎవరికి తెలుస్తుంది, నోరు మూసుకో అని.

నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "సూడమ్మా, బరువు ఎత్తీసినాక దింపాల. దింపిన కాడ ఎవుడైనా తిట్టొచ్చు, కొట్టొచ్చు. అది ఏరే. గాల్లో ఒగ్గీసి కేబిన్ దిగిపోతే మాత్రం కింద ఎవుడున్నాడో నీకు తెల్దు."

మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. బిస్కెట్ టీలో ముంచుకుంటే సగం విరిగి పడిపోయింది. దాని గురించి మాత్రం చాలాసేపు బాధపడ్డాడు.

శనివారం పొద్దున్న డాక్టరుగారికి చెప్పేద్దామని వెళ్ళాను. ఆయన అప్పటికే స్టేషనుకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం గురువుగారిని తీసుకుని వచ్చారు. డెబ్బై దగ్గర పడ్డ ఆవిడ, తెల్ల చీర, మగవాళ్ళు పెట్టుకునే పెద్ద చేతిగడియారం, భుజానికి గుడ్డ సంచి. ఒక్క మాట కూడా అనవసరంగా మాట్లాడరు. డాక్టరుగారు గోడకి అంటించగా మిగిలిన కాగితం చుట్ట తీసి పరచబోతే చెయ్యి అడ్డం పెట్టి, "కాగితం మీద ఏదైనా అచ్చవుతుంది. నడిపి చూపించు. నా బండి సాయంత్రానికి" అన్నారు.

నడపటానికి లేదు. గంట క్రితమే ఏసీ ఆగిపోయింది. గది వేడెక్కితే యంత్రాన్ని ఆపెయ్యటం నియమం. ఆపేశారు. చీఫ్ ఏసీ మెకానిక్కులని వెతికి పట్టుకోవటానికి వెళ్ళారు. ఎక్కడో దూరాన ఆయన గొంతు వినిపిస్తోంది.

నిజం చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. గుండె ఈ రోజు నడవదు, ఆవిడ వెళ్ళిపోతారు, నేను నెమ్మదిగా ఏ సోమవారమో చెప్పుకుంటాను. కానీ డాక్టరుగారి మొహం చూశాను. వాడిపోయి ఉంది. నా నోరు నా ప్రమేయం లేకుండా తెరుచుకుంది.

"మనుషులతో నడపొచ్చు కదా సార్?"

ఎదురుగా హాలులో సేఫ్టీ క్లాసు జరుగుతోంది. వివిధ షాపులనుంచి వచ్చిన కార్మికులు ఏడు వరసల్లో, వరసకి ఏడుగురు చొప్పున కూర్చుని, బరువులెత్తేటప్పుడు నడుము ఎలా వంచాలో వింటున్నారు. సగం మంది కళ్ళు మూసుకుని వింటున్నారు. డాక్టరుగారు వెళ్ళి బతిమాలితే, పాఠం చెప్పే ఆయన కూడా విసుగెత్తి ఉన్నాడేమో, వెంటనే ఒప్పుకున్నాడు.

అందరికీ చీటీలు పంచాం. చీటీ మీద రెండో అయిదో ఉంటుంది. మచ్చకి గుర్తుగా అయిదుల చీటీలన్నీ ఒక మూల కూర్చున్న తొమ్మిది మందికి. నియమం ఇలా చెప్పాను: నేను చప్పట్లు కొడతాను. మీ ముందువాడు గాని, వెనకవాడు గాని, పక్కవాడు గాని లేస్తే, తరవాతి చప్పట్లకి మీరు లేవాలి. మళ్ళీ చప్పట్లకి కూర్చోవాలి. కూర్చున్నాక చీటీ మీద ఎంత ఉంటే అన్ని చప్పట్లదాకా చుట్టూ కొంపలంటుకున్నా లేవకూడదు.

మూడో వరసలో ఒక తెలుగాయన, క్రేన్ బరువులకి తాళ్ళు కట్టే రిగ్గర్, నన్ను చూసి, "ఏటమ్మా, పక్కోడు లెగితే నాను లెగాల?" అని అడిగాడు.

"అవును మావయ్యా."

"పక్కోడు లెగకపోతే?"

"కూర్చోవాలి."

"మరి ఇది నిన్నటి యూనియన్ గేటు మీటింగే కదా" అన్నాడు.

ఇంకొకాయన లేచి, ఈ పనిని తన జాబ్ కార్డులో ఏమని రాయించుకోవాలో చెబితేగాని కదలనన్నాడు. "గుండె" అని రాయించుకోమన్నారు డాక్టరుగారు. తృప్తిగా కూర్చున్నాడు.

చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరసలో మధ్యవాడు లేచాడు. వాణ్ణి చూసి చుట్టూ ముగ్గురు. తరవాత వాళ్ళ చుట్టూ. హాలు మీదుగా అల సాఫీగా వెనక గోడదాకా పాకి చల్లారింది. ఒకణ్ణి ముందుగానే లేపి తొందర దెబ్బ కూడా ఇచ్చాం. అల మచ్చని చుట్టి వెళ్ళి చల్లారింది. అందరూ నిశ్శబ్దంగా కూర్చున్నారు.

"బాగుంది. తిరిగేది ఏది?" అన్నారు పెద్దావిడ.

ఇంకోసారి చేశాం. చల్లారింది. మూడోసారీ అంతే. డాక్టరుగారికి చెమటలు పట్టాయి. "కంప్యూటర్‌లో ఇదే పటం. ఇదే మూల" అని గళ్ళ కాగితం తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. అన్నియ్య ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. వాటిలో ఒకటి ఎక్కువో తక్కువో అయినంత శ్రద్ధగా.

నేను వెళ్ళి డాక్టరుగారి ముందు నిలబడ్డాను. ఆయన నా మొహం చూసి, హిందీ మరిచిపోయి, "ఊపిరి పీల్చు" అన్నారు.

పీల్చాను. స్వెట్టర్, తలుపు పిడి, వెయ్యని సంఖ్యలు, అన్నీ చెప్పేశాను. అన్నియ్య పేరెత్తలేదు. కానీ అతను ఫ్యాను మీదనుంచి చూపు దించి, "కట్ట కట్టింది నేనూను సార్" అన్నాడు. తన తప్పు తన నోటితో ఒప్పుకోవటం నేను విన్నది ఆ ఒక్కసారే.

డాక్టరుగారు పక్కనున్న కుర్చీలో కూర్చున్నారు. గోడకి అంటించిన కాగితం, రసగుల్లాల కుండ, కలకత్తాకి చేసిన ఫోను, అన్నీ ఆయన కళ్ళ ముందు తిరిగాయనుకుంటాను. నేను తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను.

పెద్దావిడ మాత్రం నావైపు తిరిగి, "ఒక్క కార్డు కూడా పోలేదా?" అని అడిగారు.

"పోలేదండీ. నలభై నలభైయే."

"కొత్తది చేరలేదా?"

"లేదు. వరస మారింది, అంతే."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "అయితే వీళ్ళ చీటీలు కూడా కింద పడెయ్యి."

రిగ్గర్ మావయ్య తన హెల్మెట్ ఇచ్చాడు. చీటీలన్నీ అందులో వేసి, కలిపి, కళ్ళు మూసుకుని మళ్ళీ పంచాను. అవే రెండులు, అవే తొమ్మిది అయిదులు. ఈసారి ఎక్కడ పడితే అక్కడ.

చప్పట్లు. మొదటి అల వెళ్ళింది. తొందర దెబ్బ ఇచ్చాం. ఈ అల రెండో వరసలో ఒక అయిదుగాడి దగ్గర ఆగింది, పక్కవాడి దగ్గర ఆగలేదు. చిరిగింది. ఒక కొస పక్కనుంచి పోయి, వెనకనుంచి చుట్టుకొచ్చేసరికి ముందు లేవనివాళ్ళు అలసట తీరి లేవటానికి సిద్ధంగా ఉన్నారు. లేచారు. వాళ్ళని చూసి ఇంతకుముందు లేచినవాళ్ళు మళ్ళీ లేచారు. ఇక చూడండి! ఈ మూల లేస్తున్నారు, ఆ మూల కూర్చుంటున్నారు, మధ్యలో గిర్రున తిరుగుతోంది. కుర్చీలు కిరకిరమంటున్నాయి. రిగ్గర్ మావయ్య పదోసారి లేస్తూ, "ఒలే, ఎవుడో ఒకడు ఆపండ్రా, మోకాళ్ళు పోతన్నాయి!" అన్నాడు. ఎవరు ఆపగలరు? ప్రతివాడూ తన పక్కవాణ్ణి చూసి నియమం ప్రకారమే లేస్తున్నాడు. నవ్వులతో హాలు ఊగిపోతోంది. నేను చప్పట్లు ఆపడం కూడా మరిచిపోయాను. డాక్టరుగారు కుర్చీ ఎక్కి నిలబడి చూస్తున్నారు.

"చెదిరిపోయింది" అన్నారు మెల్లగా. "అతని మచ్చ చిన్నదే. కానీ ఒక్క చోట లేదు. పోగులు పోగులుగా చెదిరి ఉంది. నేను కళ్ళారా చూసి కూడా..."

ఎవరి గురించో నాకు అర్థమైంది. అరటిపండు సగం తిన్నాయన గురించి.

సరిగ్గా అప్పుడు తలుపు భళ్ళున తెరుచుకుంది. మా చీఫ్. ఏసీ బాగవలేదు, మెకానిక్కు దొరకలేదు, ఎండలో తిరిగి తిరిగి వచ్చేసరికి సేఫ్టీ క్లాసులో యాభై మంది కప్పల్లా లేస్తూ కూర్చుంటూ నవ్వుతున్నారు. ఆయన ఊపిరితిత్తులు నింపుకోవటం నాకు కనిపించింది.

"ఖడే హో జావ్! సబ్ కే సబ్!"

కిటికీ అద్దాలు జల్లుమన్నాయి. నలభై తొమ్మిది మందీ ఒక్క దెబ్బకి, రెండులూ అయిదులూ తేడా లేకుండా, నిటారుగా లేచి నిలబడ్డారు. పాఠం చెప్పే ఆయన కూడా లేచాడు. పెద్దావిడ కూడా సగం లేచారు. భయంతో నా చేతులు ఒకదానికొకటి తగిలాయి. అది చప్పట్లు అనుకుని అందరూ ఒక్కసారిగా కూర్చున్నారు.

అలవాటు చొప్పున నేను ఇంకో చప్పట్లు కొట్టాను. ఇంకోటి. ఎవరూ లేవలేదు. అందరూ ఒకేసారి లేచారు గనక అందరూ ఒకేసారి అలిసిపోయారు. చూసి లేవటానికి లేచినవాడంటూ ఎక్కడా లేడు. హాలు నిశ్శబ్దం.

పెద్దావిడ మొదటిసారి నవ్వారు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు. చీఫ్‌ని వేలితో చూపిస్తూ డాక్టరుగారితో, "గిలగిల్లాడే గుండెకి మనం కరెంటు షాకు ఎందుకు ఇస్తామో చాలా ఏళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను" అన్నారు.

తరవాత టీ తాగుతూ ఒక సంగతి చెప్పారు. చెదిరిన అలసటే గుండెని తిప్పుతుందని విదేశాల్లో ఎవరో ఇరవై ఏళ్ళ కిందటే కంప్యూటర్‌తో కనిపెట్టేశారట. ఆ వ్యాసం తన దగ్గర ఉందట, పోస్టులో పంపిస్తారట. డాక్టరుగారి మొహం మళ్ళీ వాడింది. మేము ముగ్గురం కలిసి ఇరవై ఏళ్ళు ఆలస్యంగా గొప్పవాళ్ళమయ్యాం.

"వాళ్ళకి పెద్ద కంప్యూటర్ కావలసి వచ్చింది" అని ఆవిడ నా చేతిలో హెల్మెట్ కేసి చూశారు. "నీకు ఇది సరిపోయింది. పొడిగించమని చెబుతాను."

ఆదివారాలు ఇంకో ఏడాది సాగాయి. కార్డులు పడేసినందుకు నన్ను రాతమూలకంగా సంజాయిషీ ఇమ్మన్నారు. ఇచ్చాను. కట్ట మీద సంఖ్యలు వెయ్యకపోవటం నా బద్ధకమేనని రాశాను. స్వెట్టర్ మీద నెట్టబోయి, మా అమ్మ చదువుతుందేమోనని మానేశాను. ఉద్యోగం ఖాయమవటం ఇంకో మూడు నెలలు వాయిదా పడింది, తరవాత అయింది. ఆ వాయిదా న్యాయమేనని ఇప్పటికీ అనుకుంటాను. తప్పు వల్ల మంచి జరిగినంత మాత్రాన అది తప్పు కాకుండా పోదు. ఎప్పుడూ అంత మంచి తప్పు నా చేత మళ్ళీ జరగలేదు, మామూలువే జరిగాయి.

చీఫ్ మాత్రం వారం రోజులు ముభావంగా ఉన్నారు. తనని అంతమంది ముందు కరెంటు షాకు అన్నారని మనసులో పెట్టుకున్నారేమో అనుకున్నాం. ఎనిమిదో రోజు ఆయన నా మిషను దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, నేనెప్పుడూ ఆయన నోట వినని మెల్లటి గొంతుతో, "ఆ డాక్టరుని ఒక మాట అడుగు. నాది ఎన్ని వోల్టులు ఉంటుంది?" అన్నారు.

అడిగాను. డాక్టరుగారు నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి, ఆస్పత్రి మందుల చీటీ మీద చీఫ్ పేరు, వయసు రాసి, కింద ఇంత రాసిచ్చారు: "కేక. చాలా శక్తివంతం. రోజుకి ఒకటికి మించి వాడరాదు. ప్రాణం మీదికి వస్తేనే."

చీఫ్ ఆ చీటీని తన బల్ల అద్దం కింద పెట్టుకున్నారు. ఆయన దగ్గర నేను ఇంకో తొమ్మిదేళ్ళు పని చేశాను. మోతాదు దాటగా ఎప్పుడూ చూడలేదు.